పెదనాన్న కాగితంలో ఆస్ట్రేలియా

1994 ఎండాకాలంలో మా పెదనాన్న గుంటూరు వెళ్ళి, దూరపు బంధువొకాయన ఆపరేషను కోసం రక్తం ఇచ్చి వచ్చారు. నాలుగు రోజులకు ఆ రక్తం పనికిరాదని కబురు వచ్చింది. కబురుతోపాటు ఒక చిన్న కాగితమూ వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనే కనుక దాన్ని నా చేతికిచ్చారు. అందులో ‘ఆస్ట్రేలియా యాంటిజెన్: పాజిటివ్’ అని ఉంది. పైకి చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తిరుపతి యాత్రలకు తప్ప జిల్లా దాటి ఎరగని మనిషికి ఆస్ట్రేలియా ఎక్కడినుంచి వచ్చిందో మాలో ఎవరికీ అంతుపట్టలేదు.

అది హెపటైటిస్-బి అని, కాలేయంలో కాపురముండే వైరస్ అని డాక్టరుగారు చెప్పారు. ఏ బాధా లేదు కనుక పెదనాన్న ‘ఆరోగ్యవంతుడైన వాహకుడు’ అన్నారు, భయపడవద్దన్నారు. అయినా ఆ సాయంత్రానికే ఆయన కంచమూ గ్లాసూ వేరయ్యాయి. నాయనమ్మ బజారుకు మనిషిని పంపి, ఆయన పేరు కొట్టించిన స్టీలు గ్లాసు ఒకటి తెప్పించింది. “ఎక్కడ అంటించుకొచ్చాడో, ఏం పాడో” అని వంటింట్లో గొణుక్కుంది. పెదనాన్న విన్నారు. ఏమీ అనలేదు. చాలా రోజుల తరువాత, పొలం గట్టుమీద కూర్చుని ఉండగా నన్నొక మాట అడిగారు. “నాకే బాధా లేదు గదరా అబ్బాయ్. మరి అది లోపల ఊరికే కూచుని ఏం చేస్తున్నట్టు? నా ఒళ్ళు దాన్నెందుకు కూచోనిచ్చింది?”

నా దగ్గర జవాబు లేదు. నాటికి శాస్త్రజ్ఞుల దగ్గర కూడా పూర్తి జవాబు లేదని తరువాత తెలిసింది. నేను వైద్యుణ్ణి కాను. ఆ ప్రశ్న వదలక ఇన్నేళ్ళుగా చదువుకున్నదాన్ని ఒక వరుసలో పెట్టడమే ఇక్కడ నా ప్రయత్నం. ఇందులో రెండు ఆవిష్కరణల చరిత్ర ఉంది. ఒకటి ఆ వైరస్‌ది. రెండవది కాలేయంలో దానికెదురుగా కాపలా ఉండే కణాలది. రెండూ వేరే దేనికోసమో వెతుకుతున్నవారికి అడ్డం వచ్చినవే. తుడిచిపారేస్తే పోయేవే.

*

కామెర్లు మనకు కొత్త కాదు. పసిరికలన్నా, పచ్చకామెర్లన్నా ఊళ్ళలో ముందు గుర్తొచ్చేది పసరు. పసరంటే చాలాచోట్ల నేల ఉసిరి. కొన్నిచోట్ల చేతిమీద వాత కూడా పెట్టేవారు. కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి కనుక, కీర్తి పసరుకూ వాతకూ దక్కేది. అయితే నీటితో నిమిత్తం లేని మరో రకం కామెర్లు ఉన్నాయని తెలియడానికి వైద్యులకు చాలాకాలం పట్టింది.

1883లో జర్మనీలోని బ్రెమెన్ రేవులో ఓడలు కట్టే పనివారికి మశూచి టీకాలు వేశారు. ఆ టీకా మందు మనుషుల శరీరం నుంచి తీసిన రసి. టీకా పొందిన 1289 మందిలో 191 మందికి కొద్ది నెలల్లో కామెర్లు వచ్చాయి. వేరే మందుతో టీకాలు వేయించుకున్నవారికి రాలేదు. లూర్మన్ అనే వైద్యుడు 1885లో ఈ సంగతిని ప్రకటించాడు. దోషం నీటిలోనో గాలిలోనో కాక టీకా మందులోనే ఉండవచ్చునని చూపిన తొలి దాఖలా ఇదే. ఇదే పాఠాన్ని 1942లో అమెరికా సైన్యం మరింత ఖరీదుగా నేర్చుకుంది. పసుపు జ్వరం టీకాలో స్థిరత్వం కోసం మనుషుల సీరం కలిపారు. ఆ టీకా తీసుకున్నవారిలో సుమారు 50 వేల మంది సైనికులు కామెర్లతో ఆస్పత్రుల పాలయ్యారు. అది హెపటైటిస్-బియేనని వారి రక్తపరీక్షల ద్వారా తేలింది మాత్రం 1987లో, నలభై అయిదేళ్ళ తరువాత.

1947లో మెక్‌కల్లమ్ అనే ఆంగ్ల వైద్యుడు నీటి ద్వారా వచ్చేదాన్ని ‘ఎ’ అని, రక్తం ద్వారా వచ్చేదాన్ని ‘బి’ అని పిలుద్దామన్నాడు. అప్పటికి పేర్లున్నాయి. వ్యాధికారకాన్ని చూసినవాడు లేడు.

*

చూసినవాడు దానికోసం వెతికినవాడు కాదు. బరూచ్ బ్లంబర్గ్ 1925లో న్యూయార్కులో పుట్టాడు. అతని ఆసక్తి అంతా మనుషుల రక్తంలోని ప్రోటీన్లలో వంశపారంపర్యంగా వచ్చే తేడాల మీద. ఒకే ప్రోటీను ఒక జాతిలో ఒకలా, మరో జాతిలో మరోలా ఎందుకుంటుందన్నది అతని ప్రశ్న. దీనికోసం నానా దేశాల ప్రజల నుంచి సీరం నమూనాలు పోగుచేశాడు. ఆ తేడాలను పట్టడానికి ఒక ఉపాయం ఎంచుకున్నాడు. పదేపదే రక్తం ఎక్కించుకున్న రోగుల ఒంట్లో, ఇతరుల ప్రోటీన్లకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారై ఉంటాయి. అటువంటి రోగి సీరాన్నీ, పరదేశపు సీరాన్నీ అగార్ జిగురు పలకమీద దగ్గర దగ్గరగా చేసిన గుంటల్లో పోస్తే, రెండూ వ్యాపించి ఎదురైన చోట సన్నని గీత ఏర్పడుతుంది. గీత ఏర్పడిందంటే ఒకదానిలోని ప్రతిరక్షకం రెండోదానిలోని ప్రోటీనును గుర్తుపట్టిందన్నమాట.

1963లో బ్లంబర్గూ, అతనితో కలిసి పనిచేస్తున్న హార్వీ ఆల్టరూ ఒక విచిత్రమైన గీతను చూశారు. న్యూయార్కుకు చెందిన ఒక హీమోఫిలియా రోగి సీరం, ఆస్ట్రేలియా ఆదిమవాసి ఒకరి సీరంతో కలిసి గీత గీసింది. అంతవరకు వారు చూసిన గీతలు కొవ్వును పట్టే రంగుతో నీలమయ్యేవి. ఇది ఆ రంగును దాదాపు పట్టలేదు. ప్రోటీన్లకు వేసే ఎర్రరంగును పట్టింది. పరికరం దోషమనో, పలక మురికి అనో పక్కన పెట్టేయవచ్చు. వారు పెట్టలేదు. ఆ ప్రోటీనుకు ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టి, 1965లో ప్రకటించారు. మా పెదనాన్న కాగితంలోకి ఎక్కిన ఆస్ట్రేలియా అదే. ఎవరో పేరు తెలియని ఒక ఆదిమవాసి రక్తపు చుక్క నుంచి ఆ పేరు గుంటూరు జిల్లా దాకా నడిచి వచ్చింది.

అది ఏమిటో తెలియడానికి మరో రెండేళ్ళు పట్టింది. ల్యుకేమియా రోగుల్లో అది ఎక్కువగా కనిపించింది. ల్యుకేమియా వచ్చే అవకాశం ఎక్కువగా ఉండే డౌన్ సిండ్రోమ్ వ్యక్తుల్లో వెతికితే, పెద్ద ఆశ్రమాల్లో కలిసి జీవించేవారిలో మరింతగా కనిపించింది. ఇది పుట్టుకతో వచ్చే లక్షణమేనని బ్లంబర్గ్ అనుకుంటుండగా, అంతకుముందు యాంటిజెన్ లేని ఒక వ్యక్తిలో అది కొత్తగా వచ్చి చేరింది. వంశపారంపర్య లక్షణం మధ్యలో వచ్చి చేరదు. పరీక్షిస్తే ఆ వ్యక్తి కాలేయం వాచి ఉంది. 1967లో అదే ప్రయోగశాలలో పనిచేసే బార్బరా వెర్నర్‌కు ఒంట్లో బాగాలేక, తన సీరాన్ని తానే పరీక్షించుకుంది. గీత కనిపించింది. కామెర్లు వచ్చాయి. ఆస్ట్రేలియా యాంటిజెన్ మానవ ప్రోటీను కాదు, హెపటైటిస్-బి వైరస్ పైతొడుగు. 1970లో లండనులో డేవిడ్ డేన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పూర్తి వైరస్ కణాన్నే చూశాడు. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

*

రెండో కథ కూడా దాదాపు అదే కాలంలో నడిచింది. 1970ల మొదట్లో క్యాన్సర్ పరిశోధకులు, రోగి తెల్లరక్తకణాలు అతని కణితిని చంపగలవా అని పరీక్షిస్తున్నారు. కణితి కణాలకు రేడియోధార్మిక క్రోమియం పట్టించి, తెల్లకణాలతో కలిపి ఉంచి, పగిలిన కణాల నుంచి ఎంత క్రోమియం బయటపడిందో కొలిచేవారు. పోలిక కోసం, ఆ కణితితో ఏ పరిచయమూ లేని ఆరోగ్యవంతుల కణాలను కూడా వాడేవారు. అవి ఏమీ చేయకూడదు. కాని అవీ చంపేవి. చాలామంది దీన్ని ప్రయోగంలోని రొద అనుకున్నారు. ఫలితంలోంచి ఆ రొదను తీసివేసి మిగిలినదాన్ని లెక్కగట్టేవారు.

కొందరు ఆ తీసివేతలోనే ఆగిపోయారు. స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కా సంస్థలో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్. అమెరికాలో రొనాల్డ్ హెర్బర్‌మన్. అది రొద కాదని, ముందు పరిచయం అవసరం లేకుండానే శత్రుకణాన్ని చంపగలిగే ఒక ప్రత్యేక జాతి కణాల పని అని 1975లో వీరు వేర్వేరుగా ప్రకటించారు. ఎవా క్లైన్ బ్లంబర్గ్ పుట్టిన 1925లోనే బుడాపెస్టులో యూదు కుటుంబంలో పుట్టింది. నాజీల కాలంలో దాక్కుని ప్రాణాలు దక్కించుకుని, 1947లో స్వీడన్ చేరిన మనిషి. ఆ కణాలకు స్థిరపడిన పేరు ‘నాచురల్ కిల్లర్’. తెలుగులో ఏమనాలి? ‘సహజ హంతక కణాలు’ అంటే మాటకు మాట సరిపోతుంది కాని, హంతక శబ్దానికి నేరపు వాసన ఉంది. ‘సహజ సంహారక కణాలు’ అంటే నాకు నయమనిపిస్తుంది. పేరు సంగతి ఎందుకింత పట్టుకున్నానో ముందు తెలుస్తుంది.

పరిచయం లేకుండా శత్రువును ఎలా గుర్తుపడతాయన్న చిక్కును స్వీడన్‌కే చెందిన క్లాస్ షారె విప్పాడు. మన ప్రతి కణమూ తన పైపొర మీద కొన్ని గుర్తింపు ప్రోటీన్లను ధరించి ఉంటుంది. వైరస్‌లూ, కణితులూ టి-కణాల కన్ను తప్పించుకోవడానికి తరచు ఆ గుర్తును దాచేస్తాయి. సంహారక కణం వెతికేది శత్రు చిహ్నం కోసం కాదు, సొంత చిహ్నం లేకపోవడం కోసం. మన పల్లెల్లో కొత్త మనిషి కనబడితే “ఎవరి తాలూకు?” అని అడుగుతారు కదా, అలాగన్నమాట. జవాబు వస్తే పోనిస్తారు, రాకపోతే ఆపుతారు. షారె ఈ ఆలోచనను 1981 నాటి తన సిద్ధాంత వ్యాసంలో ప్రతిపాదించి, 1986లో ప్రయోగపూర్వకంగా నిలబెట్టాడు. 1989లో అమెరికా వైద్యులు, ఈ కణాలు లేని ఒక బాలికకు హెర్పిస్ జాతి వైరస్‌లు ఒకదాని వెంట ఒకటి తీవ్రంగా సోకిన వైనం వెల్లడించాక, వీటి అవసరాన్ని శంకించేవారు తగ్గారు.

*

ఈ రెండు కథలూ కలిసే చోటు కాలేయం. 1976లోనే ఎడ్డీ విస్సె అనే శాస్త్రజ్ఞుడు ఎలుక కాలేయపు నెత్తురు సందుల్లో, లోపల గింజల్లాంటి రేణువులున్న కణాలను చూసి వాటిని ‘పిట్’ కణాలన్నాడు. డచ్చి భాషలో పిట్ అంటే పండులోని గింజ. అవి సంహారక కణాలేనని తరువాతి దశకంలో తెలిసింది. మన నెత్తుటి లింఫోసైట్లలో వీటి వాటా నూటికి 5 నుంచి 15. కాలేయంలోని లింఫోసైట్లలో 30 నుంచి 50. అంటే ఏ అవయవంలో ఈ వైరస్ కాపురం పెట్టిందో అక్కడే కాపలా అన్నిటికన్నా దట్టం. పెదనాన్న ప్రశ్న ఇప్పుడు ఇంకా పదునెక్కుతుంది. ఇంత కాపలా ఉండగా అది ఎలా కూర్చుంది?

జవాబులో మొదటి భాగం వైరస్ స్వభావం. హెపటైటిస్-బి వైరస్ తాను చేరిన కణాన్ని తానుగా చంపదు. వచ్చిన మొదట్లో చడీచప్పుడూ చేయదు; కాలేయ కణాల్లో ప్రమాద ఘంటికలు దాదాపు మోగవని చింపాంజీలపై చేసిన పరిశోధనలో 2004లో తేలింది. కామెర్లు తెచ్చేది వైరస్ కాదు, వైరస్ మీద మన దేహం చేసే యుద్ధం.

రెండో భాగం యుద్ధరీతి. రోగం నయమయ్యేవారిలో దేహం ప్రతి కణాన్నీ చంపుకుంటూ పోదు. అలా అయితే కాలేయమే మిగలదు. ఫ్రాన్సిస్ చిసారి బృందం 1999లో చింపాంజీలలో చూపినదేమిటంటే, వైరస్‌లో అధిక భాగం కణాలు చావకుండానే తుడిచిపెట్టుకుపోతుంది. ఆ పని చేసేది ఇంటర్‌ఫెరాన్ గామా వంటి రసాయన సందేశాలు. సంహారక కణాలు ఈ రెండు పనులూ చేయగలవు: చంపడమూ, ఆ సందేశంతో కడగడమూ. ఒక చేత కత్తి, ఒక చేత నీళ్ళ బిందె.

దీర్ఘకాలిక హెపటైటిస్-బి రోగులలో జరిగేదేమిటో 2007 తరువాతి పరిశోధనలు బయటపెట్టాయి. వీరిలో సంహారక కణాల కత్తి పదును తగ్గదు. తగ్గేది ఇంటర్‌ఫెరాన్ గామా తయారీ. వాచిన కాలేయంలో పోగయ్యే, నిరోధక వ్యవస్థను చల్లార్చే సందేశాలే అందుకు కారణం. బిందె పోయి కత్తి మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో మాలా మైనీ బృందం 2007లో మరొకటి చూపింది. వ్యాధి ఉన్నట్టుండి విజృంభించే రోజుల్లో సంహారక కణాల పైన ‘ట్రెయిల్’ అనే మరణ సంకేతం పెరుగుతుంది, దాన్ని అందుకునే గ్రాహకం కాలేయ కణాల మీద పెరుగుతుంది. దెబ్బ తినేది కాలేయం. 2013లో అదే బృందం చూపినది ఇంకా బాధాకరం. వైరస్‌ను గుర్తుపట్టగల టి-కణాలు అసలే కొన్ని, అలసిపోయినవి. వాటి మీద కూడా అదే గ్రాహకం వెలుస్తుంది. సంహారక కణాలు వాటినే చంపుతాయి. ఊరికాపరి తోటి కాపరిని నరికినట్టు.

దీన్నిబట్టి ఈ కణాలను ద్రోహులనడానికి లేదు. 2012లో ఎలుకల మీద, వేరే వైరస్‌తో చేసిన పరిశోధన ఒకటుంది. ముంచెత్తే మోతాదులో వైరస్ ఉన్నప్పుడు, సంహారక కణాలు టి-కణాలను అదుపు చేయకపోతే ఆ యుద్ధానికే ఎలుక చనిపోతుంది. వైరస్‌ను వదిలించుకోలేని దేహం దానితో బతకడానికి కుదుర్చుకున్న రాజీలో వీటిదీ ఒక పాత్ర. అందుకే హంతక శబ్దం వద్దన్నాను. ఇవి చేస్తున్నది నేరమూ కాదు, పూర్తిగా రక్షణా కాదు.

*

మిగిలిన ప్రశ్న: ఈ రాజీ ఎవరిలో కుదురుతుంది? పెద్దవయసులో సోకితే నూటికి 95 మందికి పైగా వైరస్‌ను వదిలించుకుంటారు. పుట్టుకలో, పసితనంలో సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం నిలిచిపోతుంది. కంచం వల్ల, గ్లాసు వల్ల, పక్కన కూర్చోవడం వల్ల ఇది రాదు. రక్తం ద్వారా, సంభోగం ద్వారా, సరిగా మరిగించని సూదుల ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది.

ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఆ పేజీ దాటలేకపోయాను. మా నాయనమ్మ 1999లో పోయింది. చివరి ఏడాది పొట్ట ఉబ్బి, కాళ్ళు నీరు పట్టి, తిండి సయించక పోయింది. ముసలితనం అన్నాం. పరీక్ష చేయించాలన్న ఊహ ఎవరికీ రాలేదు. 2012లో ఇంట్లో అందరికీ పరీక్షలు చేయిస్తే మా చిన్నత్తకు కూడా పాజిటివ్ వచ్చింది. రుజువు లేదు, ఇక దొరకదు. కాని పెదనాన్న ఎక్కడా అంటించుకుని రాలేదని, ఆయనకు అది పుట్టిన గదిలోనే వచ్చి ఉంటుందని నా నమ్మకం. వేరే గ్లాసు తెప్పించిన చేతులకు ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం ఆమె తప్పూ కాదు.

ఈ చరిత్రలో మనవాళ్ళ వాటా కూడా ఉంది. 1988లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన త్యాగరాజన్, బ్లంబర్గ్‌తో కలిసి మన నేల ఉసిరినే వాహకుల మీద పరీక్షించారు. తీసుకున్న 37 మందిలో 22 మందికి యాంటిజెన్ మాయమైందని ప్రకటిస్తే లోకం తిరిగి చూసింది. తరువాత ఇతర దేశాల్లో జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. నిలిచింది టీకా. రోగుల ప్లాస్మా నుంచి తీసిన తొలి టీకాకు 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈస్టు కణాల్లో తయారైన టీకా 1986లో వచ్చింది. అవి దిగుమతి సరుకులై సామాన్యుడికి అందని కాలంలో, నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన వరప్రసాద్ రెడ్డిగారు తల్లి పేరిట హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి 1997లో మన దేశపు తొలి హెపటైటిస్-బి టీకా తెచ్చారు. ‘హాసం’ పత్రిక నడిపిన వరప్రసాద్ రెడ్డిగారు ఆయనే. మనలో చాలామంది ఆయన్ను పత్రిక ద్వారానే ఎరుగుదుం. 2011 నాటికి ఈ టీకా దేశమంతటా పసిపిల్లల టీకాల పట్టికలో చేరింది. పుట్టిన 24 గంటల్లో వేయించాల్సిన మొదటి మోతాదే తల్లి నుంచి బిడ్డకు సాగే ఆ గొలుసును తెంపుతుంది.

అయినా 2022లో ప్రపంచంలో 25.4 కోట్ల మంది, ఒక్క భారతదేశంలోనే 2.98 కోట్ల మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు. మందులు వైరస్‌ను అణచి ఉంచుతాయి. కాలేయ కణాల కేంద్రకంలో దాక్కున్న దాని మూలప్రతిని చెరపలేవు. అందుకే బిందె మళ్ళీ ఆ కాపరి చేతికివ్వడం ఎలాగన్నది పరిశోధకుల ముందున్న ప్రశ్నల్లో ఒకటి.

2003లో పెదనాన్నకు ఒకసారి వ్యాధి విజృంభించి నెలరోజులు మంచం పట్టారు. ఊరికే కూచున్నదనుకున్నది ఊరికే కూచోలేదు. తరువాత మాత్రలు వాడారు; కోలుకున్నారు. 2014లో గుండెపోటుతో పోయారు. అప్పటికి నేను ఇదంతా చదివి ఉన్నాను, ఆయనకు చెప్పగలిగాను కూడా. అంతా విని, “అయితే నా తప్పేం లేదంటావు” అన్నారు. లేదన్నాను. ఇంకేమీ అడగలేదు.

ఆయన పేరు కొట్టించిన గ్లాసు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అందులోనే నేను మంచినీళ్ళు తాగుతాను. చిన్నత్త వచ్చినప్పుడు అదే గ్లాసులో ఆమెకూ ఇస్తాను.